రాజు చెంప మీద గాటు

మా బజారు వాట్సాప్ గ్రూపులో పొద్దున ఏడింటికి వచ్చింది ఆ మెసేజి. "నిధి నాణేలకు గాట్లు పెట్టిన వెండి అవుసులాయన ఇక లేరు. ఓం శాంతి." కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. పోయిన మనిషి గురించి రాసిందే ఒక్క ముక్క, అందులో సగం అబద్ధం. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. వాళ్ళింటికి పరిగెత్తే ముందే ఆ మెసేజి పెట్టినవాడికి ఫోన్ చేసి తిట్టాను. అతను పాపం, "అక్కా, అందరు గట్లనే అంటరు గదా" అన్నాడు. నిజమే, అందరూ అట్లాగే అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

మేడ్చల్ బజారులో నాది జిరాక్స్, టైపింగ్ దుకాణం. నా గోడకు ఆనుకునే ఆయన వెండి పని దుకాణం. ఇరవై రెండేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన మా చుట్టం కాదు, మా కులమూ కాదు. అయినా వచ్చిన మొదటి వారమే నేను కాకా అన్నాను, ఆయన బిడ్డా అన్నాడు. అప్పటినుంచి రోజూ మూడున్నరకు ఒక చాయ్ తెప్పించి సగం నాకు పోసేవాడు. నేను పూర్తి చాయ్ తెప్పించినా అందులోనూ సగమే తీసుకునేవాడు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకునే మాట్లాడేవాడు కాబట్టి ఆయన మాటలు అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

మట్టెలు, పట్టీలు, మొలతాళ్ళు చేసేవాడు. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకు పేరు తెచ్చింది పోచమ్మకు, మైసమ్మకు పెట్టే వెండి కళ్ళు. గౌడవెల్లి నుంచి, శామీర్‌పేట నుంచి, ఇంకా లోపలి పల్లెల నుంచి బోనాల ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. కళ్ళు చెక్కే రోజు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. "కన్ను తప్పితే ముఖమే తప్పుతది బిడ్డా" అనేవాడు. ఆ రోజు నా దుకాణంలో ప్రింటర్ కొంచెం గట్టిగా చప్పుడు చేసినా గోడ మీద వేళ్ళతో కొట్టేవాడు.

ముఖం అంటే ఆయనకు అంత పట్టింపు. ఎవరైనా పాత నగ కరిగించమని తెస్తే, దాని మీద అమ్మవారి బొమ్మో లక్ష్మీదేవి బొమ్మో ఉంటే, దుకాణం గడప దాకా వచ్చి దాన్ని ఒకసారి వెలుగుకు చూపించేవాడు. "సెలవియ్యి తల్లీ" అని నోట్లో అనుకుని, అప్పుడు మూసలో వేసేవాడు. వెండి అసలుదో కాదో చూడాలంటే అంచు మీద ఆకురాయితో ఒక్క గీత గీసేవాడు. బొమ్మ మీద ఇనుము ఆనించడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. "ముఖం మీద ఉలి పెట్టేటోడు అవుసులోడు గాదు" అనేవాడు. ఇరవై రెండేళ్ళు కళ్ళారా చూసిన పని ఇది. ఈ మనిషి మీద వేసిన నింద ఏమిటో ఇప్పుడు వినండి.

ఏడేళ్ళ కిందట శామీర్‌పేట దిక్కున ఒక పటేల్ తన పొలాన్ని ప్లాట్లు చేయిస్తుంటే జేసీబీ పళ్ళకు చిన్న కుండ తగిలింది. కుండ పగిలింది, లోపల వెండి బిళ్ళలు. పటేల్ వాటిని తువ్వాలలో మూటగట్టి, నేరుగా కాకా దుకాణానికి తెచ్చాడు. కరిగించి పూజకు గిన్నెలు, ఒక బిందె చేయమన్నాడు. ఆ సమయానికి నేను చాయ్ గ్లాసుతో అక్కడే స్టూలు మీద ఉన్నాను. మూట విప్పింది నా కళ్ళ ముందే.

కాకా ఒక బిళ్ళ తీసి తడిగుడ్డతో మెల్లగా అద్దాడు. కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. ఎంతసేపటికీ తీయలేదు. పటేల్ జల్దీ జల్దీ అంటూనే ఉన్నాడు. చివరికి ఆ భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నాడు.

ఒక పక్క ఒక మగవాడి ముఖం, పక్కకు తిరిగి ఉంది. తల చుట్టూ ఆకుల దండ, దాని ముడి కొసలు మెడ మీద పడుతున్నాయి. చుట్టూ తెలియని అక్షరాలు. రెండో పక్క ఇద్దరు పిల్లగాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య నేల మీద ఆనించిన రెండు గుండ్రటి డాళ్ళు, ఈటెలు, పైన గరిటె లాంటిదొకటి, వంకీ కర్ర లాంటిదొకటి. ఇంకో బిళ్ళ మీద కుర్చీలో కూర్చున్న ఒక అమ్మ, ఒక చేతిలో పొడవాటి కర్ర, ఇంకో చేతిలో ఆకుల కొమ్మ. అంచు వెంబడి ముత్యాల వరస. ఒక బిళ్ళలో ఆ ముత్యాలు ఒక పక్కనే పడి రెండో పక్క లేకుండా పోయాయి. కాకా దాన్ని చూసి నవ్వాడు. "అచ్చు జెక్కినోడు దేవుడు. సమ్మెట గొట్టినోడు మా బామ్మర్ది" అన్నాడు.

తర్వాత ఆయన నవ్వు పోయింది. చాలా బిళ్ళల మీద ఆ రాజు చెంపకు అడ్డంగా లోతుగా ఒక గాటు ఉంది. కాకా ఒక్కొక్కటే తిప్పి చూశాడు. నిజంగా కోపం వచ్చింది ఆయనకు. "మా అసొంటి పనోడే పెట్టిండు బిడ్డా, ఎన్నడో. లోపల రాగి ఉందేమోనని అనుమానం వానికి. అంచు మీద పెట్టొచ్చు గదా. ఇంత మంచి ముక్కు జెక్కితే, దాని పక్కన ఉలి పెట్టనీకి చెయ్యెట్ల వచ్చె?" అన్నాడు. ఎప్పుడో, ఎన్ని వందల ఏళ్ళ కిందటో చచ్చిపోయిన ఒక అవుసులాయన మీద మా కాకా ఆ పూటంతా కోపంగా ఉన్నాడు. ఆ గాటు అంత పాతదని ఎట్లా తెలుసని నేను అడిగితే, తన పాత పట్టీ ముక్క మీద ఉలితో ఒక్క గాటు వేసి చూపించాడు. లోపల తెల్లగా తళతళలాడింది. బిళ్ళల మీది గాట్లు లోపలంతా నల్లగా, ముఖం ఎంత నలుపో అంతే నలుపు. "వెండి నల్లబడనీకి టైం అడుగుతది. మనం జల్దీ అంటే ఇనది" అన్నాడు.

తర్వాత కుంపటి మీద బూడిద కప్పేశాడు. "పటేలా, ఇది మనది గాదు. నేను వేడి జెయ్య. నువ్వు ఇంకోని దగ్గర జేపిస్తె నేను పోయి చెప్పొస్త" అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాం మేమంతా. ఆ రోజు ఒక పటేల్ ముఖం మీదే అంత మాట అన్నాడు. పటేల్ తిట్టాడు, బతిమాలాడు, చివరికి భయపడ్డాడు. ముగ్గురం కలిసి తహసీల్దార్ ఆఫీసుకు పోయాం. మూట అప్పగించాం.

ఇది జరిగిన కథ. కాగితం మీదికి ఎక్కిన కథ వేరు.

ఆఫీసులో ఒక అధికారి రెండు మూడు బిళ్ళలు తిప్పి చూసి ఈ గాట్లు ఎవరు పెట్టారని అడిగాడు. కరిగించడానికి తెచ్చాడన్న సంగతి ఎక్కడ బయటపడుతుందోనని పటేల్‌కు ప్రాణం గిజగిజలాడింది. "అవుసులాయన దగ్గరనే ఉండె సార్, ఆయన పరీక్ష జేసిండు" అనేశాడు. కాకా అప్పుడు పక్క గదిలో మిగిలిన బిళ్ళల లెక్కకు సాక్షిగా కూర్చుని ఉన్నాడు. ఆ మాట ఆయన వినలేదు, దుకాణానికి తిరిగొచ్చేసిన నేనూ వినలేదు, తర్వాత గుమస్తా చెబితే తెలిసింది. పంచనామాలో ఒక వాక్యం పడింది: "వెండి పనివారు పరీక్ష నిమిత్తం ఉలితో గాట్లు పెట్టినందున నాణేలు పాడైనవి." కింద కాకా సంతకం.

మర్నాడు పేపర్లో పటేల్ ఫొటో వచ్చింది, చేతిలో పగిలిన కుండ, మెడలో శాలువా. నిధిని ప్రభుత్వానికి అప్పగించిన ఆదర్శ రైతు అట. అదే వార్త చివర, చరిత్ర విలువ తెలియని కంసాలి నాణేలపై గాట్లు పెట్టాడని నాలుగు వరసలు. శాలువా కరిగించమన్నవాడికి, మచ్చ కరిగించనన్నవాడికి. ఇప్పుడు ఆ పటేల్ మా దగ్గర చిన్నపాటి నాయకుడు. ఆయన వెంచర్ గేటు మీద సిమెంటుతో చేసిన ఆ బిళ్ళల మీది రాజు తలకాయ ఉంది. దాని చెంప నున్నగా ఉంటుంది.

ఆ ఏడు బోనాలకు ఒక కమిటీవాళ్ళు వచ్చి, ముందే చెప్పిన అమ్మవారి కళ్ళు వద్దన్నారు. రాజు ముఖమే చెక్కేసినవాడి చేత అమ్మ ముఖానికి కళ్ళేమిటని ఊళ్ళో అంటున్నారట. కాకా అప్పటికే ఒక కన్ను పూర్తి చేశాడు. దాన్ని దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఎవరూ కళ్ళ పని తేలేదు. మట్టెలు, పట్టీలతోనే నెట్టుకొచ్చాడు.

అప్పటినుంచి మొదలైంది తిరుగుడు. ఆ ఒక్క వాక్యం తీసేయమని అర్జీలు. అన్నీ నా దుకాణంలోనే టైపు చేశాం. ఆయన చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. ప్రతిసారీ మొదటి మాట దగ్గరే గొడవ. నేను "అబద్ధం" అని రాస్తానంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. "పంచనామాల ఒక వాక్యం పొరపాటున పడ్డది అని రాయి బిడ్డా. పొరపాటున అనే రాయి" అనేవాడు. ఆ మెతకతనం చూస్తే నాకు మస్తు చిరాకు వచ్చేది. అరుచుకునేదాన్ని కూడా. చెప్పులరిగేలా తిరిగాడు. సార్ లేరు, సార్ మారారు, ఫైలు నగరానికి పోయింది, మళ్ళీ రాసుకుని రా. డెబ్బై ఏళ్ళ మనిషిని నిలబెట్టి, కుర్చీలో ఉన్నవాడు ఫోన్లో క్రికెట్ చూస్తూ మాట్లాడడం నేను నా కళ్ళతో చూశాను.

ఒకసారి ఇద్దరం బస్సెక్కి నగరానికి పోయాం, ఆ బిళ్ళలు పెట్టిన మ్యూజియంకు. అద్దాల పెట్టెలో నాలుగు పెట్టారు. కింద చీటీ: గాట్లు ఇటీవలివి. కాకా చీటీ వైపు చూడనేలేదు. భూతద్దం తీసి అద్దం మీద వంగి ముక్కు చూశాడు, చెవి చూశాడు, ముత్యాల వరస చూశాడు. కాపలా మనిషి వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టొద్దని కసిరాడు. అక్కడ ఒక మేడమ్ ఉంది, ఓపికగల మనిషి. ఆయన రెండు వేల ఏళ్ళ కిందటి రోమ్ రాజు అగస్టస్ అని, ఆ ఇద్దరు పిల్లలు ఆయన మనవలని చెప్పింది. తన తర్వాత వాళ్ళే రాజులని అచ్చు కొట్టించాడట. ఇద్దరూ పడుచు వయసులోనే తాతకన్నా ముందే పోయారట. కాకా మళ్ళీ అద్దం మీద వంగి ఆ ఇద్దరు పిల్లగాళ్ళను చూశాడు. "జెక్కినోనికి తెల్వది గదా బిడ్డా. బతుకుతరనుకునే జెక్కిండు" అన్నాడు.

గాట్ల సంగతి మేమే అడిగాం. ఆమె నవ్వి, మన దేశంలో దొరికిన రోమన్ వెండి మీద ఇట్లాంటివి చాలా కనిపిస్తాయని, పాతవే అయ్యుంటాయని చెప్పింది. మరి చీటీ మార్చండి అన్నాను. పంచనామాలో ఉన్నదే చీటీ మీద రాస్తారట. పంచనామా ఎవరు మారుస్తారంటే ఆఫీసు. ఆఫీసుకు పోతే, మ్యూజియం నుంచి రాసి తెండి. ఆమె రాసియ్యడానికి పైనుంచి అనుమతి కావాలి. నోటితో అందరికీ నిజం తెలుసు, కాగితం మీద పెట్టడానికి ఒక్కరికీ చెయ్యి రాదు.

ఇంతమందిని తిట్టాను కదా. ఇప్పుడు నన్ను తిట్టుకోవాలి.

ఆ పంచనామా టైపు చేసింది నేనే. ఆ రోజు ఆఫీసులో కరెంటు లేదు. గుమస్తా నా దుకాణానికి వచ్చి ఇన్వర్టర్ మీద టైపు చేయించుకున్నాడు. ఆయన చెబుతున్నాడు, నా వేళ్ళు కొడుతున్నాయి. టైపు చేసేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది, అక్షరాలు చూస్తాం, అర్థం చూడం. ప్రింటు చేతికొచ్చాక ఆ వాక్యం చూశాను. మూట విప్పినప్పుడే గాట్లు ఉన్నాయని నాకు తెలుసు. గుమస్తా తొందరలో ఉన్నాడు. ఆఫీసు భాష ఇంతేలే, దీన్ని ఎవరు చదువుతారు అనుకున్నాను. గుమస్తా వెనకే నేను మళ్ళీ ఆఫీసుకు పోయేసరికి, సంతకానికి కాకాను పిలిచారు. అచ్చులో ఉన్నది ఆయన కూడబలుక్కుని చదువుతాడు. కాగితం చదవకుండా నా ముఖం చూసి, "అంత సరిగుందా బిడ్డా?" అని అడిగాడు. "ఉంది కాకా" అన్నాను. నా మాట మీద సంతకం పెట్టాడు.

ఈ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరు టైపు చేశారని ఆయనా అడగలేదు. ఎక్కడో ఆఫీసులోనే కొట్టారని అనుకుంటున్నాడులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అర్జీల్లో నా సాక్ష్యం రాసి ఉంటే పని అయ్యేదేమో. రాయలేదు. ఆ ఆఫీసు పనులే నా దుకాణానికి ఆధారం. సిగ్గు ఒకటి, భయం ఒకటి. రెండింటినీ మింగి, ఏడేళ్ళు ఆయన పోసిన సగం చాయ్ తాగాను.

పదకొండో రోజు ఇంటి ముందు టెంటు వేశారు. పటేల్ వచ్చాడు, ఇద్దరు మనుషులతో. కాకా ఫొటోకు దండ వేసి, ఎవరూ అడగకుండానే మాట్లాడాడు. "మనిషన్నంక తప్పు జేస్తడు. తెల్వక రాజు ముఖం మీద గాటు పెట్టిండు గని, ఆయన మనసు ఎన్నపూస" అన్నాడు. అందరూ తలలూపారు. క్షమించినట్టు తలలూపారు, అది చూసే నేను లేచాను.

"పటేలా, నువ్వు మూట ఇప్పిననాడే గాట్లున్నయి. నేను ఆడనే ఉన్న. కాకా పెట్టిండని రాసిన లైను టైపు జేసింది నేనే. అబద్ధమని తెలిసి గూడ ఊకున్న."

పటేల్ నా వైపు చూడలేదు. సెల్‌ఫోన్ చూసుకుంటూ, ఇంకో దగ్గరికి పోవాలని లేచిపోయాడు. మిగిలినవాళ్ళు విస్తళ్ళ దిక్కు చూశారు. ఎవరో ఒక ముసలాయన, అయిపోయిన దానికి ఇప్పుడెందుకు బిడ్డా అన్నాడు. ఆయనను కూడా తిట్టాను.

కాకా భార్య, నేను చిన్నమ్మ అంటాను, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆమె కొడుతుందేమో అనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. ఆమె మంచం మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"ఆయనకు ఎరుకే. గుమస్తా అప్పుడే చెప్పిండు" అంది.

"మరి నన్ను ఒక్క మాట అడగలే ఎందుకు చిన్నమ్మా?"

"నేను గూడ అన్న, వేరే దుకాణంల రాపియ్యమని. ఇనలే. ఆ పిల్ల రాసింది, ఆ పిల్లనే దిద్దుతది, జర ఆగు అన్నడు. అడిగితే నువ్వు ఇగ ముఖం జూపియ్యవని భయం ఆయనకు."

పొరపాటున అనే రాయి బిడ్డా. ఆయన ఏడేళ్ళు పట్టుబట్టింది ఆఫీసును కాపాడడానికి కాదు. నాకు ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే ఆయన మీద కూడా కోపం వచ్చింది. అడగవలసింది, కాకా. ఒక్కసారి నన్ను నిలదీసి ఉంటే నువ్వు బతికుండగానే అయ్యేది ఈ పని. నా ముఖం దాచడానికి నీ ముఖానికి గాటు పడనిచ్చావు. ఇంత మంచితనం ఎవరడిగారు నిన్ను?

మర్నాడు నా పేరు మీదే అర్జీ టైపు చేశాను. ఏం చూశానో, ఏం రాశానో, ఎందుకు ఊరుకున్నానో, అన్నీ. నోటరీ చేయించి చిన్నమ్మను తీసుకుని నగరంలోని పెద్ద ఆఫీసుకు పోయాను. కౌంటర్‌లో అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. మృతునితో మీకు గల సంబంధం అని ఒక గడి. అర్జీ పెట్టేవాళ్ళు బంధువులు కాకపోతే తీసుకోం అంది. చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డాను. చివరికి "పంచనామాలో తప్పుడు వాక్యం టైపు చేసిన మనిషిని" అని రాశాను. ఆ అమ్మాయి చదివింది, నన్ను చూసింది, మళ్ళీ చదివింది. ఏమనుకుందో ఏమో, లేచి లోపలికి పోయి వచ్చి ముద్ర వేసింది.

పని అయిందని చెప్పను. తీసుకున్నారు, అంతే. మళ్ళీ తిప్పుతారు. తిరుగుతాను. ఈ పూట మాత్రం దీన్ని చదివిన మీరు, ఆయన గురించి మాట్లాడేటప్పుడు ఆ పాత వాక్యం నోట్లోకి రానీయకండి.

తిరుగు బస్సులో ముద్ర పడిన కాపీ చిన్నమ్మ అడిగి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. ఆయన పెట్టలేదని రాసింది ఎక్కడ ఉందో చూపించమంది. చూపించాను. ఆ వరస మీద వేలు పెట్టి కిటికీ దిక్కు తిరిగి కూర్చుంది. సుచిత్ర దాటింది, కొంపల్లి దాటింది, కండక్టర్ వచ్చి టికెట్ అడిగితే ఎడమ చేత్తోనే చూపించింది. మేడ్చల్‌లో దిగేదాకా ఆ వేలు తీయలేదు.